నిమిషానికి పద్దెనిమిది

నర్సింగ్ హాస్టల్, మూడో అంతస్తు
జూన్ 14

వదినా,

వచ్చి చేరాను. గదికి నలుగురం. మిగతా ముగ్గురికీ ఇరవై కూడా నిండలేదు. నాకు ఇరవై తొమ్మిదని తెలిసిన గంటలోనే "పిన్ని" అని పేరు ఖాయం చేశారు. కిటికీ పక్క మంచం పెద్దవాళ్ళకివ్వాలని నాకే వదిలేశారు. మంచిదేగా, వెలుతురంతా నాది.

నువ్వు కుట్టిచ్చిన యూనిఫాంలు చూసి ఎక్కడ కుట్టించావని అందరూ అడిగారు. మా వదిన కుట్టిందంటే నమ్మలేదు. కాలరు తిరగేసి లోపలి కుట్టు చూపించాక నమ్మారు. రెండేళ్ళు నువ్వు మిషను తొక్కుతూ ప్రశ్నలడగడం, నేను అంచులు కుడుతూ జవాబులు చెప్పడం, రెండుసార్లు ప్రవేశ పరీక్ష తప్పడం, మూడోసారి రాయమని నువ్వూ అమ్మా నన్ను తోలడం, అన్నీ చెప్పాను. ఎముకల పేర్లు నాకంటే నీకే బాగా వచ్చని కూడా చెప్పాను.

ఇక అసలు సంగతి. మొదటి ఆరు నెలలూ మమ్మల్ని చూసి తేల్చుకోవడానికే. డిసెంబరు ఎనిమిదిన వార్డులో ప్రాక్టికల్ పెడతారు. నెగ్గితే తల మీద తెల్ల టోపీ. తప్పితే పెట్టె సర్దుకోవడమే. ఈ పిల్లలకైతే వచ్చే ఏడుంది. నాకు వయసు దాటిపోతుంది, మళ్ళీ తీసుకోరు. ఇదే ఆఖరు.

మా టీచరు గుండె మీద చిన్న గడియారం తలకిందులుగా వేలాడుతుంటుంది. తల వంచితే ఆవిడకి తిన్నగా కనిపిస్తుందట. అందుకే ఆవిడ పేరు గడియారం మేడమ్. ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు లేరు. నిన్న ఊపిరి లెక్కపెట్టడం నేర్పారు. ఇందులో చిన్న దొంగతనం ఉంది వదినా. నీ ఊపిరి లెక్కపెడుతున్నానని చెబితే ఎవరికైనా ఊపిరి మారిపోతుంది. అందుకని నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకోవాలి. నాడి అయిపోయాక కూడా చెయ్యి వదలకుండా, చూపు మాత్రం ఛాతీ మీదికి మార్చి, లేచి దిగితే ఒకటి చొప్పున నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి. బాగున్న మనిషికి పన్నెండు నుంచి ఇరవై లోపు ఉంటుంది.

నేను బయల్దేరిన రోజు అమ్మ మెట్లు దిగి గేటు దాకా వచ్చి, గోడ పట్టుకుని నిలబడింది. ఆ ఆయాసం నా కళ్ళల్లోంచి పోవట్లేదు. నాకో సాయం చెయ్యి. రోజూ అమ్మ ఊపిరి లెక్కపెట్టి ఉత్తరం చివర ఆ అంకె రాయి. పద్దెనిమిది దగ్గర్లో ఉంటే చాలు, నిశ్చింతగా చదువుకుంటా. ఇక్కడ ఫోను ఆఫీసులో ఒక్కటే. ఆదివారం మూడు నిమిషాలు, వెనక పదిమంది. నువ్వెలాగూ ఫోనులో "ఆఁ, ఊఁ" తప్ప మాట్లాడవు.

నీ ఆడపడుచు


ఇల్లు, మిషను గది
జూన్ 25

దొరసాని గారికి,

పిన్నిగా పదోన్నతి వచ్చినందుకు అభినందనలు. మీ అన్నయ్య ఉత్తరం రెండుసార్లు చదివి "బాగానే ఉందిగా" అన్నారు. ఆయన నుంచి అంతకంటే ఎక్కువ ఆశించకు.

నువ్వు చెప్పినట్టే మొన్న మధ్యాహ్నం అత్తయ్య చెయ్యి పట్టుకున్నాను. పదకొండేళ్ళ కాపురంలో ఇదే మొదటిసారి. ఆవిడ నా మొహంలోకి చూసి "ఏమైందే? ఏం పగలగొట్టావు?" అంది. నాడి చూస్తున్నానన్నాను. "బట్టలు కుట్టేదానివి, నీకెందుకే నాడి?" అంది. మీ అమ్మాయి చదువు కోసమని చెప్పాక ఫొటో తీయించుకుంటున్నట్టు బిగుసుకుని కూర్చుంది. ఊపిరి కూడా బిగబట్టింది. పదకొండు వచ్చింది. అది కొట్టేశాను. సాయంత్రం పక్కింటావిడ మీద చాడీలు చెప్పి అలసిపోయాక మళ్ళీ పట్టుకున్నా. పందొమ్మిది.

కొలతల పుస్తకంలో ఒక పేజీ అత్తయ్యకిచ్చాను. అందరికీ ఛాతీ, నడుము, భుజం. ఈవిడకి ఊపిరి. మా పనిలో కంటిచూపుతో కొలత వేస్తే రవిక బిగుసుకుంటుంది, టేపు పెట్టాల్సిందే. కాబట్టి బెంగపెట్టుకోకు, రోజూ టేపు పెడతాను.

తల సరిగ్గా దువ్వుకోమని, ఎవరితోనూ వాదన పెట్టుకోవద్దని అత్తయ్య రాయమంది. నేను చెప్పేది ఒక్కటే. టోపీ పెట్టించుకునే రా. ఈలోగా నువ్వెవరికీ టోపీ పెట్టకు.

అత్తయ్య ఊపిరి: పందొమ్మిది, పదిహేడు, పందొమ్మిది, ఇరవై.

నీ వదిన


హాస్టల్
ఆగస్టు 9

వదినా,

వార్డులో వేశారు. మగవాళ్ళ వార్డు, ముప్ఫై రెండు మంచాలు. పొద్దున ఎనిమిదింటికీ మధ్యాహ్నం రెండింటికీ అందరి జ్వరం, నాడి, ఊపిరి చూసి చార్టులో ఎక్కించాలి. ఊపిరికే నిమిషం చొప్పున వేసుకో, ఒక్కదానికే అరగంట దాటుతుంది. ఈలోగా దుప్పట్లు మార్చలేదని, డాక్టరుగారు వచ్చేశారని హెడ్ సిస్టర్ కేకలు. మొన్న అందరి ముందూ "పిన్నిగారు ఏడాదికో మంచం చూస్తారు" అన్నారు. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత స్నానాల గదిలోకి వెళ్ళి ఏడ్చాను.

ఇక్కడ మన ఊరి అమ్మాయి ఒకతి ఉంది. బస్టాండు వెనక వీధి. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న, అయినా రెండేళ్ళు సీనియర్ కాబట్టి అక్కా అనాలి. తనే జాలిపడి ఒక ఉపాయం చెప్పింది. "జ్వరం, నాడి సరిగ్గా చూడు. ఊపిరి గడి ఎవరూ చూడరు. అందరికీ పద్దెనిమిది రాసెయ్. మా సీనియర్లు మాకు నేర్పిందీ ఇదే." నాకు నచ్చలేదు. నచ్చలేదనే నీకు రాస్తున్నా.

పద్నాలుగో మంచం మీద ఒక వడ్రంగి తాత ఉన్నాడు. ఈ ఆస్పత్రిలో వైద్యం కావాల్సింది మనుషులకి కాదు, మంచాలకంటాడు. తన మంచం కోడు ఊగుతుంటే మడిచిన కాగితం దూర్చి తనే నిలబెట్టుకున్నాడు.

ఈ వారం నా పని కాస్త వేగం పుంజుకుంది. నిన్న హెడ్ సిస్టర్ "పరవాలేదే పిన్నీ" అన్నారు. ఇంకేం రాయను, కళ్ళు మూతలు పడుతున్నాయి.

నీ ఆడపడుచు


ఇల్లు
ఆగస్టు 20 (కార్డు)

దొరసానీ,

పని తొందరలో ఉన్నా, అందుకే కార్డు. వేగం ఎలా పుంజుకుందో రాయలేదు. సరే. ఇక్కడ అందరం క్షేమం. అత్తయ్య ఊపిరి: పద్దెనిమిది.

వదిన


ఇల్లు, మిషను గది
సెప్టెంబరు 16

దొరసాని గారికి,

బడి యూనిఫాంల పని నెత్తిన పడింది. అరవై జతలు. కాజాలు కుట్టేవాళ్ళు లేక నీ లోటు బాగా తెలుస్తోంది. పోనీ, అత్తయ్యకి ఇద్దామంటే ఆవిడ కుట్టే కాజాలో బొత్తాం దూరదు, ఏనుగు దూరుతుంది.

ఇంటి విశేషాలు ఏమున్నాయి? అత్తయ్య మంచం పైనుంచి కింద ముందుగదిలోకి మార్చాం, గాలి బాగా వస్తుందని. నీ దిండు కూడా ఆవిడే లాక్కుంది. మూడు దిళ్ళేసుకుని మహారాణిలా ఆనుకుంటోంది. చెప్పులు బిగుతయ్యాయంటే మీ అన్నయ్య కొత్తవి తెచ్చారు. వంటలో ఉప్పు తగ్గించానని రోజూ నాతో యుద్ధం. ఆ గొంతు వింటే ఎవరైనా నూరేళ్ళు బతుకుతుందంటారు.

నువ్వు చదువు మీద మనసు పెట్టు. ఇక్కడ అందరం క్షేమం.

అత్తయ్య ఊపిరి: పద్దెనిమిది.

వదిన


హాస్టల్
అక్టోబరు 6, సోమవారం

వదినా,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు. అమ్మకి వినిపించకు.

ఆగస్టు నుంచి నేను ఎవరి ఊపిరీ లెక్కపెట్టట్లేదు. అందరికీ పద్దెనిమిదే రాస్తున్నా. నచ్చలేదని నీకు రాసిన రోజుకే మూడు రోజులుగా అదే పని చేస్తున్నా.

శనివారం పొద్దున పద్నాలుగో మంచానికి పద్దెనిమిది రాశాను. తాత ఎప్పటిలా నాతో మాట్లాడలేదు. నిద్ర చాలలేదేమో అనుకుని పక్క మంచానికి వెళ్ళిపోయా. మధ్యాహ్నం మళ్ళీ పద్దెనిమిది. మూడింటికి గడియారం మేడమ్ వార్డు చూడడానికి వచ్చి అతని దగ్గర ఆగిపోయారు. చెయ్యి పట్టుకుని నిలబడ్డారు. ఆ నిమిషం ఎంత పొడుగో నీకు చెప్పలేను. ముప్ఫై నాలుగు. పెదాలు నీలం తిరుగుతున్నాయి. పరుగు మీద ఆక్సిజన్ పెట్టారు, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందట.

మేడమ్ చార్టు తీసి నా సంతకం మీద వేలు పెట్టి "లెక్కపెట్టావా?" అని అడిగారు.

"పెట్టాను మేడమ్" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలీదు. మేడమ్ చార్టు తిరిగి మంచానికి తగిలించారు. వచ్చే సోమవారం, పదమూడున, తన గదికి వచ్చి మళ్ళీ ఒకసారి జవాబు చెప్పమన్నారు. సీనియర్ అక్క "అప్పుడు పద్దెనిమిదే ఉందని గట్టిగా నిలబడు, కాదని ఎవరు నిరూపిస్తారు?" అంటోంది. నిజమే, ఎవరూ నిరూపించలేరు. నిజం చెబితే టోపీ మాట అటుంచి ఆ సాయంత్రమే బస్సెక్కించేస్తారు. 

తాత బతికాడు. ఇవాళ మాస్కు తీసి నన్ను పిలిచి "అమ్మాయీ, ఆ పొద్దున నా దగ్గర ఆగలేదేం?" అన్నాడు. కోపంగా కాదు, ఊరికే అడిగాడు. అతనికి తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

ఏం చెయ్యమంటావు? సోమవారం లోపు అందేలా రాయి.


ఇల్లు
అక్టోబరు 9

ఏమ్మా,

ఉత్తరం ఇప్పుడే అందింది. కత్తెర పక్కన పెట్టి రాస్తున్నా.

నిన్ను చెంప మీద ఒకటి కొట్టాలనిపించింది. తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టాలనిపించింది. రెండూ ఇంత దూరం నుంచి కుదరవు కాబట్టి చెబుతున్నా, విను. కుట్టు వంకర పోతే విప్పి మళ్ళీ కుట్టాలి. దాని మీద పువ్వు కుట్టి దాస్తే మొదటి ఉతుకుకే బయటపడుతుంది. వెళ్ళి నిజం చెప్పు. పంపించేస్తే వచ్చెయ్. ఇంట్లో మిషను ఉంది, కాజాలున్నాయి, నేనున్నాను. వీధిలో ఎవరేమన్నా అత్తయ్య నోరు చాలు మనకి. కానీ ఆ పెద్దాయన మొహం తలుచుకుంటూ టోపీ పెట్టుకుని తిరగగలవా నువ్వు? నేను నిన్నెరుగుదును, తిరగలేవు.

ఇంత గట్టిగా చెప్పడానికి నేనెంతదాన్ని అని మధ్యలో కలం ఆగింది. అయినా చెబుతున్నా.

ఇక్కడి గురించి ఆలోచించకు. అందరం క్షేమం.

అత్తయ్య ఊపిరి: పద్దెనిమిది.

వదిన


హాస్టల్
అక్టోబరు 29

వదినా, వదినా,

ఇంకా ఇక్కడే ఉన్నాను!

ఆ సోమవారం మేడమ్ గదిలోకి వెళ్ళి కూర్చోకుండానే చెప్పేశాను. "లెక్కపెట్టలేదు మేడమ్. అడిగినప్పుడు అబద్ధం చెప్పాను." ఎన్నాళ్ళుగా అన్నారు. ఆగస్టు నుంచి అన్నాను. ఎవరు నేర్పారన్నారు. ఆ ఒక్కటీ చెప్పనన్నాను. అప్పుడు తలుపు బయట నిలబడ్డ సీనియర్ అక్క తనే లోపలికొచ్చి "నేను" అంది. ఇద్దరం దోషుల్లా నిలబడ్డాం.

మేడమ్ గడియారం సరిచేసుకున్నారు. తర్వాత అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "బతికున్న మనిషి ఊపిరి రోజూ ఒకే అంకె మీద నిలబడదు. చార్టులో వరసగా ఒకే అంకె కనిపించిందంటే ఆ మంచం దగ్గర నర్సు లేదని అర్థం. నాకు ఆ సంగతి శనివారమే తెలుసు. నువ్వు చెబుతావా లేదా అని చూశాను."

శిక్ష ఏమిటంటే పరీక్ష దాకా రోజూ గంట ముందే వార్డుకి వెళ్ళాలి. ముప్ఫై రెండు మంచాలూ నిండా నిమిషం చొప్పున లెక్కపెట్టాలి. మేడమ్ తనకి తోచిన మంచం దగ్గర ఆగి మళ్ళీ లెక్కపెడతారు. ఒక్కటి అబద్ధమని తేలినా ఆ రోజే ఇంటికి. సీనియర్ అక్కకీ ఇదే శిక్ష, ఆడవాళ్ళ వార్డులో.

రోజూ నిద్ర చాలట్లేదు. కానీ వదినా, నిమిషం పాటు చెయ్యి పట్టుకుంటే మనుషులు ఏవేవో చెప్పడం మొదలుపెడతారు. వడ్రంగి తాత మొన్న ఇంటికెళ్తూ వార్డులో మేం రాసుకునే బల్ల సొరుగు సరిచేసి వెళ్ళాడు.

నువ్వు ఆ ఉత్తరం రాయకపోతే నేను అబద్ధం మీదే నిలబడేదాన్ని. నిజంగా.

నీ ఆడపడుచు


ఇల్లు
నవంబరు 19

దొరసానికి,

నువ్వు నెగ్గుకొచ్చినందుకు అత్తయ్యా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. ఎందుకో ఆవిడకి చెప్పలేదు, అయినా నవ్వింది.

మీ మేడమ్ గట్టి మనిషి. చలికాలం వచ్చింది, చెవులు కప్పుకో. పరీక్ష అయ్యేదాకా ఇంటికి ఫోను కూడా చెయ్యకు, ధ్యాస చెదురుతుంది. ఇక్కడ అందరం క్షేమం.

అత్తయ్య ఊపిరి: సోమవారం పదిహేడు, మంగళవారం పందొమ్మిది, బుధవారం పద్దెనిమిది.

వదిన


హాస్టల్
డిసెంబరు 5, పొద్దున

వదినా,

ఈ ఉత్తరం ఒక రోజు సెలవు పెట్టిన సీనియర్ అక్క చేతికిచ్చి మొదటి బస్సుకి పంపిస్తున్నా. నిన్న ఆదివారం కాకపోయినా బతిమాలుకుని ఆఫీసు ఫోనులో అన్నయ్యని అడిగితే "బాగానే ఉందిగా" అన్నాడు. ఆ మాట అనే ముందు రిసీవరు చేత్తో మూసి ఎవర్నో అడిగాడు.

నిన్న చదువు తలకెక్కక నీ ఉత్తరాలన్నీ మంచం మీద పరిచాను. ఆగస్టు నుంచి కార్డులతో కలిపి ఏడు. ఆరింటిలో పద్దెనిమిది. అన్నింట్లోనూ అందరం క్షేమం. మేడమ్ మాట నేను నీకు రాశాక వచ్చిన ఏడో ఉత్తరంలోనే అమ్మ ఊపిరి పదిహేడుకీ పందొమ్మిదికీ కదలడం మొదలుపెట్టింది. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. నీది మరీ బాగా అతికింది వదినా, కుట్టుపని చేసేదానివి కదా.

మిగతావి కూడా చదువుకున్నా. మెట్లెక్కలేకపోతే మంచం కిందికి మారుస్తారు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక మూడు దిళ్ళు. కాళ్ళు వాస్తే చెప్పులు బిగుతు. ఉప్పు తగ్గించమని ఏ డాక్టరో చెప్పాడు. ఇవన్నీ మా పుస్తకంలో ఒకే పేజీలో ఉన్నాయి. గుండె నీరసించి ఒంట్లో నీరు చేరుతుంటే ఇలాగే ఉంటుందని నేను పరీక్ష కోసం బట్టీ పట్టాను. ఇంటి నుంచి వచ్చిన ఉత్తరంలో కళ్ళెదుట ఉంటే చదవలేకపోయాను.

మేడమ్ నన్నడిగిందే నేను నిన్నడుగుతున్నా. లెక్కపెట్టావా?

అక్క మన గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. తన ఎదురుగా అమ్మ చెయ్యి పట్టుకుని నిమిషం నిండా లెక్కపెట్టు. వచ్చిన అంకె రాసి తన చేతికే ఇవ్వు. ఇరవై ఎనిమిది దాటితే ఏ మాటా వినకుండా పెద్దాస్పత్రికి తీసుకెళ్ళండి. నేను ఈ సాయంత్రానికి పెట్టె సర్దుకుని కూర్చుంటా.


ఇల్లు
డిసెంబరు 5, మధ్యాహ్నం

అమ్మాయీ,

ముప్ఫై రెండు.

మీ అన్నయ్య బండి కోసం వెళ్ళారు. అది వచ్చేలోగా రాస్తున్నా.

లెక్కపెట్టాను. ఒక్క రోజు కూడా మానలేదు. కొలతల పుస్తకంలోంచి ఆ పేజీ చింపి పంపుతున్నా, చూసుకో. ఆగస్టు పదిహేను తర్వాత ఇరవై మూడు. సెప్టెంబరులో ఇరవై నాలుగు, ఇరవై ఆరు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం, మందులిచ్చాడు, తగ్గింది, మళ్ళీ పెరిగింది. ఆస్పత్రిలో చేర్చమని నవంబరులోనే చెప్పాడు. అత్తయ్య ససేమిరా అంది. "నేను మంచమెక్కానని తెలిస్తే అది పుస్తకం మూసి పరిగెత్తుకొస్తుంది. దానికి మళ్ళీ అవకాశం లేదు. టోపీ పెట్టేదాకా నోరెత్తితే నా మీద ఒట్టే" అంది. ఆవిడ ఒట్టుకి భయపడలేదు నేను. నువ్వు తిరిగొచ్చి మళ్ళీ కాజాలు కుడుతూ కూర్చుంటే చూడలేనని భయపడ్డాను. ఆవిడ ఒక్కతే కాదు, నేనూ దాచాను.

నీకు అంత పెద్ద పాఠం చెప్పి కిందనే పద్దెనిమిది రాశాను చూడు, గురివింద గింజ నేనే. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చాను. అత్తయ్యకేమైనా అయితే ఆ పాపం నాదే.

బండి వచ్చింది. నువ్వు రావాలనుకుంటే రా, వద్దనుకుంటే వద్దు. ఇంక నేనేమీ చెప్పను.


హాస్టల్
డిసెంబరు 6

వదినా,

అక్క రాత్రి బస్సుకి వచ్చేసరికి నేను పెట్టె మీదే కూర్చుని ఉన్నా. పొద్దున్నే ఆ పేజీ పట్టుకుని మేడమ్ దగ్గరికి సెలవడగడానికి వెళ్ళాను. ఇప్పుడు వెళ్తే పరీక్ష పోయినట్టే. వెళ్ళడానికే నిశ్చయించుకున్నా.

మేడమ్ పేజీ అంతా చదివారు. "ఎవరు లెక్కపెట్టారు?" అన్నారు. మా వదిన, బట్టలు కుడుతుందన్నాను. "మొదటి అంకె పదకొండు కొట్టేసి ఉందేం?" అన్నారు. మా అమ్మ ఊపిరి బిగబట్టిందని తెలిసి పారేసిందని చెప్పాను. మేడమ్ నవ్వారు! హాస్టల్లో చెబితే ఎవరూ నమ్మట్లేదు. "ఈవిడ రాసిన అంకె చూసి నేను కళ్ళు మూసుకుని మందిస్తాను. నువ్వు నమ్ముతావా?" అని అడిగారు.

పేజీలో అంకెలు ఒక్కొక్కటీ చదివాను. నీ మీద నాకు చాలా కోపంగా ఉంది వదినా. నాకు రాసిన అంకెలన్నీ అబద్ధం. కానీ అమ్మ చెయ్యి పట్టుకుని రాసినవి నూట యాభై పైనే ఉన్నాయి, ఒక్కటీ అబద్ధం కాదు. నేను కన్నకూతుర్ని, నర్సుని కాబోతున్నాను, ముప్ఫై రెండు మంచాలకి నేను చెయ్యలేకపోయిన పని నువ్వు ఒక మంచానికి ఆరు నెలలు చేశావు.

నమ్ముతున్నా. ఉంటున్నా. రోజుకి రెండుసార్లు ఇక్కడి ఆఫీసుకి ఫోను చేసి అంకె ఒక్కటి చెప్పు. మేడమ్ అనుమతిచ్చారు, ఉత్తరం ఆలస్యమవుతుందని ఇదే మాట అన్నయ్యకి ఫోనులోనూ చెప్పాను. అంకె పెరిగితే పరీక్ష మధ్యలోంచైనా వచ్చేస్తా. నన్ను ఉంచడానికి ఒక్క అంకె తగ్గించి చెప్పావో, ఈ జన్మలో నీ గడప తొక్కను. 


హాస్టల్
డిసెంబరు 9

వదినా,

నీ అంకెలు వరసగా నా అరచేతిలో రాసుకున్నా. ముప్ఫై, ముప్ఫై ఒకటి, ఇరవై ఎనిమిది. ఆ ముప్ఫై ఒకటి విని పెట్టె మళ్ళీ మంచం మీదికి తీశా. కానీ అది విన్నాకే నువ్వు నిజం చెబుతున్నావని నమ్మకం కుదిరింది. నిన్న పొద్దున వార్డులోకి వెళ్ళబోతుంటే ఆఫీసు ఆయా చీటీ తెచ్చిచ్చింది. ఇరవై ఆరు. దాన్ని యూనిఫాం జేబులో పెట్టుకుని లోపలికి వెళ్ళాను.

పరీక్షకి బయటినుంచి వచ్చినాయన తొందర మనిషి. నాకిచ్చింది ఏడో మంచం, కొత్తగా చేరిన లారీ డ్రైవరు. నాడి చూశాక చెయ్యి వదలకుండా నిలబడ్డా. "అర నిమిషం చూసి రెట్టింపు చెయ్యమ్మా" అన్నారాయన. "నిమిషం నిండాలి సార్" అన్నాను. ఇరవై మూడు వచ్చింది. ఆయన చార్టు చూసి "పొద్దున పద్దెనిమిది రాసి ఉందే" అన్నారు. వదినా, మళ్ళీ ఆ పద్దెనిమిదే. అది ఎవరి పద్దెనిమిదో నాకు తెలీదు, ఎలాంటిదో మాత్రం తెలుసు. "నేను లెక్కపెట్టింది ఇరవై మూడు సార్" అన్నాను. ఆయన మేడమ్ వంక చూశారు. మేడమ్ వచ్చి అతని చెయ్యి పట్టుకుని, తల వంచి గడియారం చూసుకుంటూ నిలబడ్డారు. ఆ నిమిషంలో మా నాన్న పోయినప్పటి నుంచి జరిగినవన్నీ నాకు గుర్తొచ్చాయి.

"ఇరవై నాలుగు" అన్నారు మేడమ్. "డాక్టరుగారిని పిలవండి."

సాయంత్రం జాబితా పెట్టారు. పదకొండో పేరు నాది. టోపీ పెట్టేటప్పుడు నా జుట్టు సర్ది "తల సరిగ్గా దువ్వుకో" అన్నారు మేడమ్. అచ్చం అమ్మలాగే. అక్కడే భోరుమన్నాను.

ఆదివారం సెలవిచ్చారు, వస్తున్నా. కోపం సగం తగ్గింది. మిగతా సగం వచ్చాక చూసుకుందాం.

నీ ఆడపడుచు


పెద్దాస్పత్రి, ఆడవాళ్ళ వార్డు, తొమ్మిదో మంచం
డిసెంబరు 11

సిస్టర్ గారికి,

ఇక దొరసాని అననులే.

నీ ఉత్తరం అత్తయ్యకి చదివి వినిపించాను. టోపీ సంగతి మూడుసార్లు చదివించుకుంది. పక్క మంచాలవాళ్ళకి వినపడేలా చదవమంది. తర్వాత గోడవైపు తిరిగి కొంగు అడ్డం పెట్టుకుంది. ఒంట్లో నీరు చాలా పోయింది, పాత చెప్పులు మళ్ళీ పడుతున్నాయి. ఉప్పు లేని తిండి మీద ఈ ఆస్పత్రివాళ్ళతోనూ యుద్ధం మొదలైంది. గండం గడిచిందని డాక్టరు నిన్న అన్నాడు. ఇక మందులు మానడానికి లేదట, మెట్లెక్కడానికి లేదట.

నీ మిగతా సగం కోపం జాగ్రత్తగా తీసుకురా. ఎదురుగా కూర్చుని తిట్టించుకుంటా.

ఇవాళ పొద్దున ఎప్పటిలా నాడి చూస్తున్నట్టు అత్తయ్య మణికట్టు పట్టుకున్నాను. "ఆ దొంగ వేషం చాల్లేవే. నువ్వు లెక్కపెట్టేది ఊపిరని నాకు మొదటి రోజే తెలుసు" అంది. మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం అన్నాను. "చెబితే చెయ్యి వదిలేస్తావుగా" అంది.

అత్తయ్య ఊపిరి: ఇరవై ఒకటి. మధ్యలో మాట్లాడుతూనే ఉంది, మూడోసారికి గానీ కుదరలేదు. లెక్కపెట్టాను.

నీ వదిన